అజ్ఞాతకర్తృకం అన్న మాట వెనుక: ఆధునిక అమెరికన్ బొంతల చరిత్రలో రూపకల్పన, కర్తృత్వం

ఉపోద్ఘాతం

తెలుగులో 'అతుకుల బొంత' నిందావాచకం. పొందిక లేని రచనను, పొత్తు కుదరని పక్షాలు కలిసి నడిపే ప్రభుత్వాన్ని ఈ మాటతోనే ఎత్తిపొడవడం వాడుక. ఈ నుడికారంలో రెండు అభిప్రాయాలు ఇమిడి ఉన్నాయి. బొంతకు ముందస్తు ఆలోచన ఉండదని, దొరికిన పేలికను దొరికినచోట అతికితే అది తయారవుతుందని మొదటి అభిప్రాయం. దానికి చెప్పుకోదగిన కర్త ఉండడని రెండవది. మొదటిది రూపకల్పనకు, రెండవది కర్తృత్వానికి సంబంధించినవి.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికాలో ఈ రెండు అభిప్రాయాలకూ బహిరంగంగా పరీక్ష ఎదురైంది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1971లో ఒకసారి, 2002లో మరొకసారి బొంతలను గోడలకెక్కించింది. మొదటి ప్రదర్శన బొంతలోని రూపకల్పనను అంగీకరించింది గాని కర్తను పట్టించుకోలేదు. రెండవ ప్రదర్శన కర్త పేరును ముందుంచింది. ఆ రెండింటి నడుమ గడిచిన 31 సంవత్సరాల చరిత్రను, దాని పూర్వాపరాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అజ్ఞాతకర్తృకత్వం కృతికి సహజలక్షణం కాదని, చాలా సందర్భాల్లో అది సేకరణ పద్ధతి కలిగించిన ఫలితమని నిరూపించడం దీని ఉద్దేశం. మౌఖిక సాహిత్యాన్ని సేకరించి అధ్యయనం చేసే తెలుగు పరిశోధకులకు ఈ విషయం పరాయిది కాదు.

బొంత నిర్మాణంలో రూపకల్పన స్థానం

అమెరికాలో 'క్విల్ట్' అని వ్యవహరించే బొంతకు మూడు పొరలుంటాయి. చూపరులకు కనిపించే పైపొర, నడుమ వెచ్చదనాన్నిచ్చే దూది, కింద అడుగుపొర. పైపొర సాధారణంగా బట్టముక్కల కూర్పు. మూడు పొరలనూ కలిపి కుట్టే కుట్టుకు రెండు ప్రయోజనాలున్నాయి. అది నడుమనున్న దూది జరగకుండా, ఉండలు కట్టకుండా పట్టి ఉంచుతుంది. అలాగే పైపొర మీద మరొక రేఖాచిత్రాన్ని గీస్తుంది. ముక్కల కూర్పు రంగుల పని అయితే, ఈ కుట్టు వెలుగునీడల పని.

వెనుకటి నూలుదూదికి కుట్లు దగ్గర దగ్గరగా పడాలి. ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు దూది చెదిరిపోతుంది. తరవాత వచ్చిన కృత్రిమ నారపొరలు ఎక్కువ ఎడాన్ని ఓర్చుకున్నాయి. దానితో విశాలమైన ఖాళీని ఖాళీగానే వదిలే స్వేచ్ఛ కుట్టేవారికి లభించింది. పదార్థం మారితే రూపకల్పనకు ఎలా కొత్త వీలు కలుగుతుందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

సంప్రదాయ నమూనాల్లో 'లాగ్ క్యాబిన్' ప్రసిద్ధం. మధ్యలో ఒక చిన్న చదరాన్ని ఉంచి, దాని చుట్టూ పట్టీలను ఒకదాని తరవాత ఒకటిగా చేరుస్తారు. ప్రతి చదరంలోనూ ఒక సగం లేతరంగులు, మరొక సగం ముదురురంగులు ఉంటాయి. ఇలాంటి చదరాలను ఎటు తిప్పి పేర్చారన్న దానిని బట్టి బొంత మొత్తం మీద ఏటవాలు చారలో, వజ్రాకారాలో, మెలికలో ఏర్పడతాయి. పద్యానికి ఛందస్సు ఎలాంటిదో బొంతకు ఈ నమూనా అలాంటిది. గణాలు అందరికీ ఒకటే అయినా నడక కవిది. నమూనా అందరిదైనంత మాత్రాన ఆ బొంతకు కర్త లేడనడం, వృత్తం అందరిదే కనుక పద్యానికి కవి లేడన్నట్టవుతుంది.

1971: గోడకెక్కిన బొంత

1971లో విట్నీ మ్యూజియంలో జరిగిన ప్రదర్శన పేరుకు 'అమెరికన్ బొంతలలో నైరూప్య రూపకల్పన' అని అర్థం. జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన బొంతల నుంచి సుమారు 60 ఎంపిక చేసి అందులో ఉంచారు. కుట్టు నైపుణ్యాన్నో, చారిత్రక ప్రాముఖ్యాన్నో వారు కొలబద్దగా తీసుకోలేదు. దూరం నుంచి చూసినప్పుడు కంటికి కట్టే రంగులనూ ఆకృతులనూ మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. మంచం మీద పరచవలసిన బొంతను తెల్లని గోడకు నిలువుగా వేలాడదీశారు. అంతవరకు గృహోపకరణంగా లెక్కకు వచ్చిన వస్తువు ఆధునిక నైరూప్య చిత్రం పక్కన నిలబడగలిగింది. బొంతల పట్ల దేశవ్యాప్తంగా ఆసక్తి పెరగడానికి ఈ ప్రదర్శన ముఖ్యకారణాల్లో ఒకటి.

ఈ మేలును తక్కువచేయలేము. అయితే దానికొక మూల్యం ఉంది. బొంతను చిత్రంగా చూడాలంటే దాన్ని మంచం నుంచి, ఇంటి నుంచి, చివరకు కుట్టిన మనిషి నుంచి కూడా విడదీయవలసి వచ్చింది. ప్రదర్శితమైన వాటిలో చాలావాటికి కర్త పేరు లేదు. ఊరు, కాలం ఉజ్జాయింపుగా ఉన్నాయి. దాంతో ఒక విచిత్రమైన తర్కం ఏర్పడింది. ఆధునిక చిత్రకారులు ఆలోచించి సాధించిన రూపాన్ని ఈ స్త్రీలు తెలియకుండానే ముందుగా సాధించారన్నది దాని సారాంశం. పొగడ్తగా వినిపించే ఈ మాటలో 'తెలియకుండానే' అన్న పదమే అసలు సమస్య. రూపకల్పనను ఒప్పుకుంటూనే రూపకర్తను నిరాకరించే పదమిది.

ఆధునిక చిత్రకళ చరిత్రలోనే దీనికి ప్రత్యాఖ్యానం ఉంది. చిత్రకారిణి సోనియా డెలోనే 1911లో తన పసిబిడ్డ కోసం గుడ్డముక్కలతో ఒక దుప్పటి కుట్టింది. ఉక్రెయిన్‌లో పుట్టిన ఆమెకు, అక్కడి రైతుల ఇళ్లలో కనిపించే అతుకుపనే అందుకు ప్రేరణ. అందులోని రంగుల పొందిక తన నైరూప్య చిత్రణకు దారితీసిందని ఆమె గుర్తించింది. ఇప్పుడది పారిస్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం సంపద. కనుక బొంత ఆధునిక చిత్రాన్ని పోలి ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆధునిక చిత్రమే కొంతవరకు బొంత దగ్గర నేర్చుకుంది.

పేర్లున్న బొంతలు

పట్రిషియా మైనార్డి 1973లో 'ఫెమినిస్ట్ ఆర్ట్ జర్నల్'లో ప్రచురించిన వ్యాసం 1971 నాటి దృష్టిని నేరుగా విమర్శించింది. బొంతలు కుట్టిన స్త్రీలకు తమ పని విలువ తెలుసునని, వారు తరచుగా వాటిపై పేరునూ సంవత్సరాన్నీ కుట్టుకున్నారని, వీలునామాల్లో ప్రత్యేకంగా పేర్కొన్నారని ఆమె వాదించింది. ఈ వాదానికి చారిత్రక ఆధారాలు పుష్కలం. 1840ల నాటి బాల్టిమోర్ ఆల్బమ్ బొంతల్లో ఒక్కొక్క చదరం మీద ఒక్కొక్కరి సంతకం చెరగని సిరాతో కనిపిస్తుంది. మన పదకర్తలూ కీర్తనకారులూ చివరి చరణంలో ముద్ర వేసినట్టుగా, వీరు అంచులోనో మూలలోనో తమ ముద్ర వేశారు.

హ్యారియట్ పవర్స్ చరిత్ర ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన ఈమె బైబిలు కథలను చిత్రిస్తూ బొంతలు కుట్టింది. 1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన పత్తి సంతలో ఆమె బొంతను జెన్నీ స్మిత్ అనే చిత్రకళా ఉపాధ్యాయిని చూసి కొనబోతే, పవర్స్ అప్పుడు ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు ఇబ్బందులు చుట్టుముట్టడంతో తానే ముందుకు వచ్చి అయిదు డాలర్లకు అమ్మింది. అమ్మేటప్పుడు అందులోని 11 చిత్రఖండాల అర్థాన్ని ఒక్కొక్కటిగా వివరించింది. స్మిత్ ఆ వివరణను రాసిపెట్టింది. ఇప్పుడా బొంత స్మిత్‌సోనియన్ సంస్థలోని అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. ఆమెదే మరొక బొంత బోస్టన్ లలితకళా మ్యూజియంలో ఉంది.

ఆ కాలంలో బొంతలు కుట్టిన నల్లజాతి స్త్రీలు ఎందరో ఉండగా పవర్స్ పేరు నిలిచింది. ప్రతిభ ఒక్కటే ఇందుకు కారణం కాదు. కొన్న మనిషి అడిగింది, విన్నది, రాసుకుంది. అడగనిచోట ఇంతటి రచన కూడా 'అజ్ఞాతకర్తృకం' అయి ఉండేది. పేరు నిలవడానికైనా పోవడానికైనా చేతులు మారే ఆ క్షణమే కీలకమని ఈ ఉదంతం చెబుతుంది.

గీస్ బెండ్: ఒక ఊరి చరిత్ర

అలబామా రాష్ట్రంలోని విల్‌కాక్స్ కౌంటీలో, అలబామా నది మూడువైపులా మలుపు తిరిగేచోట గీస్ బెండ్ ఉంది. అధికారిక నామం బాయ్‌కిన్. 1816లో జోసెఫ్ గీ ఇక్కడ పత్తితోట స్థాపించాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. బానిసత్వం రద్దయిన తరవాత కూడా కుటుంబాలు అక్కడే కౌలురైతులుగా ఉండిపోయాయి. ఊళ్లో అత్యధికుల ఇంటిపేరు నేటికీ పెట్‌వే. అది తోట యజమాని పేరు. అంటే ఈ స్త్రీల ఇంటిపేరులో ఉన్నది వారి వంశచరిత్ర కాదు, వారిని సొంతం చేసుకున్నవాడి చరిత్ర. వారిని ఒకరినుంచి ఒకరిని వేరుచేసి చూపేది మిజూరి, ఆర్లోంజియా, లొరెటా వంటి సొంత పేర్లే. ఈ ఊరి బొంతల విషయంలో పేరు రాయడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది.

1932లో, అప్పులిచ్చిన వ్యాపారి చనిపోగా, ఆయన కుటుంబం బాకీల కింద ఊరి పనిముట్లను, పశువులను, ధాన్యాన్ని తరలించుకుపోయింది. ఆ దశాబ్దంలోనే ఫెడరల్ ప్రభుత్వం భూమిని కొని పునరావాస పథకాన్ని అమలుచేసింది. ఇలాంటి లేమిలో బొంత అలంకారం కాదు. గాలి దూరే చెక్క ఇళ్లలో చలినుంచి కాపాడే అవసరం. పొలంలో వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు, ఎరువుల సంచులే దానికి ముడిసరుకు.

1942లో మిజూరి పెట్‌వే కుట్టిన బొంత దీనికి నిదర్శనం. భర్త నథానియల్ మరణించిన తరవాత ఆయన పనిదుస్తులన్నిటినీ కోసి ఆమె దాన్ని కూర్చింది. ఆయనను గుర్తుంచుకోవడానికి, ఆ ప్రేమను కప్పుకుని పడుకోవడానికి తల్లి దాన్ని కుట్టుకుందని కుమార్తె ఆర్లోంజియా అనంతరకాలంలో చెప్పింది. పనిదుస్తుల బొంతల్లో జేబు ఊడదీసినచోట ఎండ సోకని నీలం ముదురుగా మిగులుతుంది. మోకాలి దగ్గర వెలిసిన రంగు వేరుగా కనిపిస్తుంది. వాడుక మిగిల్చిన ఈ ఛాయాభేదాలను ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది కుట్టే మనిషే. అవసరం ముక్కలను ఇస్తుంది గాని వాటి అమరికను ఇవ్వదు.

ఈ ఊరిలో 'హౌస్‌టాప్' అనే నమూనా ఎక్కువ. మధ్య చదరం చుట్టూ పట్టీలు చేర్చుకుంటూ పోవడమే ఇందులోని పద్ధతి. 'లాగ్ క్యాబిన్' బొంతలో చిన్న చదరాలు అనేకం ఉంటే, 'హౌస్‌టాప్'లో ఆ ఒక్క ఆకృతే పెరిగి బొంతంతా ఆక్రమించవచ్చు. మధ్యభాగం ఒక పక్కకు జరగవచ్చు, పట్టీ వెడల్పు మారవచ్చు, ఉన్నట్టుండి ఒక ఎర్రపట్టీ వచ్చి లెక్క తప్పించవచ్చు. ఏ నమూనాకూ కట్టుబడకుండా కుట్టిన బొంతలను అక్కడి స్త్రీలు 'నా తీరు' అన్న అర్థమిచ్చే మాటతో పిలుచుకుంటారు. ఆశుకవి ఛందస్సును విడిచిపెట్టడు. దాన్ని చేతిలో ఉంచుకునే అప్పటికప్పుడు దారి వెతుకుతాడు. ఈ బొంతల్లోని ఆశుకల్పన అటువంటిది. నియమం తెలియకపోవడం దీనికి కారణం కాదు. ఎంతవరకు దాన్ని సడలించవచ్చో తెలియడం దీని పునాది.

సహకార సంఘం, విపణి

1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ గీస్ బెండ్‌కు వచ్చాడు. అంతకుముందు, 1962లో, కౌంటీ కేంద్రమైన కామ్‌డెన్‌కు నది మీదుగా వెళ్లే పడవ నిలిచిపోయింది. ఊరివారు ఓటర్లుగా నమోదు కావడానికి ప్రయత్నిస్తున్న కాలమది. ఆ పడవ తిరిగి నడిచింది 2006లో. పౌరహక్కుల ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆ ప్రాంతంలో ఎందరో ఉపాధిని, నివాసాన్ని కోల్పోయారు. ఈ పరిస్థితుల్లోనే 1966లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే క్రైస్తవ మతాచార్యుని ప్రోత్సాహంతో 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం ఏర్పడింది. ఎస్టెల్ విదర్‌స్పూన్ దానిని చాలాకాలం నడిపింది.

సంఘం స్త్రీల చేతికి నగదు తెచ్చింది. కాని న్యూయార్క్‌లోని పెద్ద దుకాణాలకు కావలసింది ఒకే కొలతలో, ఒకే నమూనాలో ఉండే బొంతలు. దొరికిన గుడ్డను చూసి దారి మార్చుకునే 'నా తీరు'కు అక్కడ చోటు తక్కువ. కూలి పెరిగింది, రూపకల్పనా స్వేచ్ఛ తగ్గింది.

ఈ కథలో మరొక మలుపుంది. 1972లో సియర్స్ సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం సంఘం కార్డురాయ్ బట్టతో దిండుగలీబులు కుట్టింది. మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాయి. కార్డురాయ్ మందమైన, గాళ్లున్న బట్ట. చిన్నచిన్న ముక్కలుగా కోసి కూర్చడానికి అనుకూలించదు. అందువల్ల ఆ దశాబ్దపు బొంతల్లో పెద్ద చదరాలు, వెడల్పైన పట్టీలు, బంగారు పసుపు, ముదురు ఎరుపు, ఆకుపచ్చ రంగులు కనిపిస్తాయి. గాళ్లు నడిచే దిశను బట్టి ఒకే రంగు రెండు ఛాయలుగా మెరుస్తుంది. కార్ఖానాలో ఏకరూపతకు కట్టుబడిన చేతులే ఇంటికి వచ్చి, ఆ మిగులు ముక్కలతోనే భిన్నత్వాన్ని సాధించాయి.

2002, ఆ తరవాత

ఛాయాచిత్రకారుడు రోలండ్ ఫ్రీమన్ 1996లో వెలువరించిన పుస్తకంలో యానీ మే యంగ్ బొంత చిత్రం ఉంది. కట్టెల మోపు మీద పరచిన ఆ బొంతను చూసి, సేకర్త విలియం ఆర్నెట్ గీస్ బెండ్‌కు వచ్చాడు. అలా సేకరించిన బొంతలతో 2002లో హ్యూస్టన్ లలితకళా మ్యూజియంలో 'గీస్ బెండ్ బొంతలు' ప్రదర్శన ప్రారంభమై, అదే ఏడాది విట్నీ మ్యూజియానికి చేరింది. ఈసారి ప్రతి బొంత పక్కన కుట్టిన స్త్రీ పేరు, సంవత్సరం ఉన్నాయి. గ్రంథాల్లో వారి జీవితకథనాలు వారి మాటల్లోనే చోటుచేసుకున్నాయి. 2006లో అమెరికా తపాలాశాఖ ఈ బొంతల చిత్రాలతో బిళ్లలు విడుదల చేసింది. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో, లొరెటా పెట్‌వేలకు జాతీయ వారసత్వ పురస్కారం లభించింది.

అయినా పేరు రావడంతో సమస్య తీరిపోలేదు. 2007లో గీస్ బెండ్‌కు చెందిన కొందరు స్త్రీలు తమకు దక్కవలసిన ప్రతిఫలం, నమూనాలపై హక్కుల విషయమై సేకర్తలపై న్యాయస్థానానికి వెళ్లారు. 2008లో ఆ వ్యాజ్యాలు పరిష్కారమయ్యాయి. వాటిలో ఎవరి పక్షాన న్యాయముందో తేల్చడం ఈ వ్యాసపరిధిలోనిది కాదు. ఇక్కడ గమనించవలసింది, వివాదస్థలం మారిందన్న విషయం. 1971లో బొంతకు రూపకల్పన ఉందా అన్నది ప్రశ్న. 2002లో అది ఎవరిది అన్నది ప్రశ్న. 2007 నాటికి దానిపై హక్కు ఎవరిది అన్నది ప్రశ్న. రూపం, నామం, హక్కు అన్న ఈ మూడు మెట్లూ ఇదే క్రమంలో వచ్చాయి. పేరు లేని కృతి విషయంలో మూడవ ప్రశ్న వేయడానికి అసలు మనిషే ఉండడు. పేరును నమోదు చేయడం కేవలం మర్యాద కాదు, హక్కుకు మొదటి ఆధారం అనడానికి కారణం ఇదే.

నేటి ఆధునిక బొంత

1979లో రెండు ఘటనలు జరిగాయి. ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో, పూర్వం పాడిశాలగా ఉన్న భవనంలో, కళాత్మక బొంతల కోసమే 'క్విల్ట్ నేషనల్' ప్రదర్శన మొదలైంది. అదే సంవత్సరం జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ చక్రంలా తిరిగే కత్తిని విపణిలోకి తెచ్చింది. దుస్తుల కోతకు ఉద్దేశించిన ఆ సాధనం బొంతలు కుట్టేవారి చేతిలో పడి, పొరలు పొరలుగా పేర్చిన బట్టను తిన్నని పట్టీలుగా క్షణాల్లో కోయడానికి వీలు కల్పించింది. 2009లో లాస్ ఏంజెలెస్‌లో 'మోడర్న్ క్విల్ట్ గిల్డ్' మొదలైంది. 2013లో ఆస్టిన్‌లో దాని మొదటి పెద్ద సమావేశం 'క్విల్ట్‌కాన్' జరిగింది.

ఈ ఉద్యమం చెప్పుకునే లక్షణాలు గాఢమైన రంగులు, విస్తారమైన ఖాళీస్థలం, చదరాల వరుసను సడలించడం, ఆశుకల్పన, మితత్వం, నిత్యోపయోగం. వీటిలో అనేకం గీస్ బెండ్ స్త్రీల చేతుల్లో దశాబ్దాల కిందటే ఉన్నవి. అక్కడ లేమి నుంచి వచ్చిన స్వేచ్ఛ ఇక్కడ సమృద్ధి నడుమ ఎంచుకున్న శైలి అయింది. ఈ భేదాన్ని మరచి రెండింటినీ ఒకటే అనడం చరిత్రను చెరపడమవుతుంది. అయితే ఈ ఉద్యమం బలపరచిన ఒక అలవాటు మెచ్చదగినది. బొంత అడుగుపొర మీద పేరు, ఊరు, సంవత్సరం రాసిన చిన్న గుడ్డచీటీ కుట్టడం, ఇతరుల నమూనాను ఆధారం చేసుకుంటే ఆ కర్తను పేర్కొనడం నేటి బొంతకారులు నియమంగా బోధించుకుంటున్నారు.

ముగింపు

పాత నేతచీరలను, పంచెలను పొరలుగా పరచి, సన్నని వరుసకుట్టుతో బొంతలు కుట్టడం తెలుగు ఇళ్లలోనూ ఉన్నదే. పొత్తిళ్లలోని బిడ్డ కింద పరిచేదీ, చలిరాత్రి ముసలివారు కప్పుకునేదీ అదే. సన్న్యాసి కంథకూ దానికీ బంధుత్వముంది. కాని అమెరికన్ బొంతకు జరిగినట్టుగా మన బొంతకు మ్యూజియం గోడ దొరకడమే పరిష్కారమని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఆ గోడ మొదటిసారి ఏం చేసిందో పైన చూశాం.

జానపద గేయాన్ని నిర్వచించేటప్పుడు అజ్ఞాతకర్తృకత్వాన్ని ఒక లక్షణంగా చెప్పడం మన విమర్శలో స్థిరపడింది. పరంపరగా వచ్చే పాటకు ఆదికర్తను గుర్తించలేకపోవడం నిజమే. అయితే ఆ మాట నీడలో పాడిన మనిషి పేరును, ఆమె చేర్చిన చరణాన్ని, మార్చిన వరసను కూడా వదిలివేయడం వేరే సంగతి. నమూనా పరంపరది, బొంత మిజూరిది. బాణీ పరంపరది అయినా ఆ రోజు పాడిన పాట పాడిన ఆమెది. హ్యారియట్ పవర్స్‌ను ఒక ఉపాధ్యాయిని అడిగినట్టు, క్షేత్రపర్యటనలో ఒక బొంత కంటపడితే ఎవరు కుట్టారు, ఎవరి చీరలు, ఏ సంవత్సరం, ఈ అంచు ఇక్కడే ఎందుకు వేశారు అని అడిగి రాసుకోవడం పరిశోధకుల కనీస బాధ్యత. అడగవలసినవారు ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

'అతుకుల బొంత' నుడికారాన్ని భాషనుంచి తొలగించనవసరం లేదు, తొలగదు కూడా. కాని దాని అర్థం వస్తువు నుంచి పుట్టింది కాదని, వస్తువును దూరం నుంచి చూసినవారి దృష్టినుంచి పుట్టిందని గుర్తించవచ్చు. దగ్గరకు వెళ్లి చూస్తే ప్రతి అతుకూ ఒక నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకున్నవారికి ఒక పేరు ఉంది.